గాలానికి కళ్ళజోడు

మా కాలేజీ స్టాఫు రూములో మధ్యాహ్నం పూట ఒక గంట ఖాళీ దొరికిందంటే, లోకంలో పరిష్కారం కాని సమస్య అంటూ ఉండదు. కిందటి డిసెంబరులో అలాంటి ఒక గంటలో మా ఫిజిక్సు లెక్చరరుగారు తన సెల్‌ఫోనులో ఒక బొమ్మ చూపించారు. నిమ్మపండు కన్న కాస్త పెద్ద బంతి. దాన్ని గాలపు దారానికి కట్టి నీళ్ళలోకి విసిరితే, నీటిమీద తేలుతూ, అడుగు ఎంత లోతున ఉందో, నాచు ఎక్కడుందో, చేప ఎక్కడుందో గట్టుమీద కూర్చున్నవాడి ఫోనుకు కబురు చేస్తుందట.

"ఇక మీరు గంటల తరబడి గట్టున కూర్చుని కునికిపాట్లు పడనక్కరలేదు మేష్టారూ" అన్నారాయన. నాకు గాలం సరదా ఉన్న సంగతి స్టాఫు రూములో అందరికీ తెలుసు.

నాకు ఒళ్ళు మండింది. "చేప ఎక్కడుందో ముందే తెలిసిపోతే అది వేట ఎలా అవుతుందండీ? బజారు అవుతుంది. బుట్టలో ఉన్న చేపను వేలు పెట్టి చూపించి బేరమాడటానికీ దీనికీ తేడా ఏముంది? తెలియకపోవడంలోనే ఉందండీ ఆ సరదా అంతా" అని ఒక పావుగంట ఉపన్యసించాను. హిస్టరీ ఆవిడ తల ఊపారు. కామర్సు ఆయన బల్ల చరిచారు. ఓడిపోయిన ఫిజిక్సు ఆయన అందరికీ టీ తెప్పించారు.

గెలిచిన వాదనతో వచ్చే చిక్కేమిటంటే, మనిషి దాన్ని అక్కడే వదలడు. చొక్కా జేబులో వేసుకుని ఇంటికి కూడా పట్టుకుపోతాడు. నేను ఈ వాదన అంతకు రెండేళ్ళ ముందే ఒకచోట వాడాను. దానివల్ల ఒక ముసలాయనకు ఎంత నష్టం జరిగిందో నాకు మొన్న సంక్రాంతికి గాని తెలిసిరాలేదు. ఆ సంగతి చెప్పడానికే ఈ వారం ఈ పేజీ.

ముందు మా పెద్ద మామయ్య సంగతి చెప్పాలి. మా అమ్మకు అన్నగారు. పశ్చిమ గోదావరిలో కాలవగట్టున ఒక పల్లెటూళ్ళో పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు గదా, ఆ నీళ్ళు పారే కాలవల్లో ఒకటి ఆయన ఇంటి పెరటి గోడకు ఇరవై గజాల దూరంలో పారుతుంది. నాకు తొమ్మిదో ఏట వేసవి సెలవలకు వెళ్ళినప్పుడు, సాయంకాలం టపా సంచీ కట్టేసి పంపించాక, ఆయన నా చేతిలో ఒక వెదురు కర్ర పెట్టి రేవుకు తీసుకువెళ్ళారు.

జీలుగు బెండు ముక్క, నైలాను దారం, గాలం, కొబ్బరిచిప్పలో తడిమట్టి, ఆ మట్టిలో ఎర్రలు. అంతే సామాను. గాలం వేయడం ఒక రోజులో వచ్చింది. బెండు చదవడం రావడానికి మూడు వేసవులు పట్టింది. "బెండు అక్షరంలాంటిదిరా. వంకర చూసి పోల్చుకోవాలి" అనేవారు మామయ్య. బెండు ఊరికే టకటకా ఎగిరిందంటే పరిగె పిల్లలు ఎరను పొడుస్తున్నాయని అర్థం, కదలకుండా కూర్చోవాలి. ఉన్నట్టుండి నిలువునా మునిగిందంటే జెల్ల. బెండు కొంచెం ఒరిగి, తనకు తోచిన దారిన నెమ్మదిగా నడిచి వెళ్ళిపోతుంటే అది శీలావతో బొచ్చో అయి ఉంటుంది, అప్పుడు లోపల అయిదు అంకెలు లెక్కపెట్టి కర్ర ఎత్తాలి. తరువాత నేను తెలుగు ఎమ్మే చదివి ఛందస్సులు నేర్చుకున్నాను. గణవిభజన నాకు త్వరగా పట్టుబడటానికి కారణం ఆ బెండేనని ఇప్పటికీ నా నమ్మకం.

వినోదం కోసం గాలం వేయడం దొరలు నేర్పిన విద్య అని కొందరనుకుంటారు. అది పొరపాటు. కల్యాణి రాజధానిగా 1126 నుంచి 1138 వరకు ఏలిన పశ్చిమ చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో మానసోల్లాసం అనే పెద్ద గ్రంథం రాశాడు. మన కాకతీయులు అప్పటికి ఆ చాళుక్యులకు సామంతులే. ఇరవయ్యేసి అధ్యాయాల అయిదు భాగాలున్న ఆ గ్రంథంలో రాజు పొద్దుపుచ్చవలసిన వినోదాలలో మత్స్యవినోదం ఒకటి. ఏ చేప సముద్రానిది, ఏది నదిది, దేనికి ఏ ఎర మేలు, దారం దేనితో పేనాలి, కర్ర ఎలా ఉండాలి, అన్నీ ఉన్నాయి. సుందర్‌లాల్ హోరా అనే మత్స్యశాస్త్రజ్ఞుడు 1951లో ఈ అధ్యాయాన్ని పరిశీలించి వ్యాసం రాశాడు. ఇంగ్లండులో గాలం వేటమీద ఐజాక్ వాల్టన్ రాసిన ప్రఖ్యాత గ్రంథం 1653లో గాని వెలువడలేదని గుర్తుంచుకుంటే, మనవాడు అయిదు వందల ఏళ్ళు ముందున్నాడన్న మాట.

నాకు ఈ అధ్యాయంలో కొరుకుడు పడని ప్రశ్న ఒకటి ఉండేది. రాజుగారికి వలలు లేకనా? జాలరులు లేకనా? కనుసన్న చేస్తే గంపలతో చేపలు వంటశాలకు వస్తాయి. అయినా ఆయన ఒక కర్ర, ఒక దారం పట్టుకుని నీటి ఒడ్డున కూర్చుంటాడు. ఎందుకు? సులువైన దారి ఉండగా కష్టమైన దారిని తనంతట తాను కోరుకుంటేనే గదా అది వినోదమయ్యేది. ఇదే నేను స్టాఫు రూములో వాడిన అస్త్రం. అస్త్రం మంచిదే. గురి తప్పడం తరువాతి సంగతి.

ఇక యంత్రాల సంగతి. నీళ్ళలోకి చప్పుడు పంపి, అది దేనికో తగిలి తిరిగి వచ్చే వేళను బట్టి దూరం కట్టడం వీటి కిటుకు. నీళ్ళలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది, గాలిలోకన్న నాలుగు రెట్లు వేగం. మూడు మీటర్ల లోతున ఉన్న చేపను తాకి తిరిగి రావడానికి సెకనులో వెయ్యో వంతులు నాలుగు చాలు. చేప కడుపులో ఉండే గాలితిత్తి ఈ ధ్వనిని బాగా తిప్పికొడుతుంది. జపానులో నాగసాకి ప్రాంతపు ఫురునో సోదరులు 1948లో చేపలను పసిగట్టే యంత్రాన్ని జాలరి పడవలకు అమర్చి చూపించారు. 1950ల చివరికి అది అమెరికాలో సరదా వేటగాళ్ళ చిన్న పడవల్లోకి కూడా వచ్చింది. గత కొన్నేళ్ళుగా వస్తున్నవి మరీ గడుసువి. పడవ ముందు నీళ్ళలో జరిగేదంతా సినిమాలాగా అప్పటికప్పుడు తెరమీద కనిపిస్తుంది.

మా మామయ్య కొడుకు, నాకు బావ, అమెరికాలో టెక్సాసులో ఉంటాడు. శని ఆదివారాలు స్నేహితుల పడవలో చెరువుల మీద తిరుగుతాడు. "తెరమీద చేప మన ఎర దాకా వచ్చి, వాసన చూసి, వెనక్కి తిరిగి పోవడం కూడా కనిపిస్తుందోయ్" అన్నాడు ఒకసారి ఫోనులో. "మొదటి రోజు భలే సరదా వేసింది. నాలుగో వారానికి నీళ్ళకేసి చూడటం మానేశాం. నలుగురం తలొంచుకుని తెరకేసే చూస్తున్నాం. అంతదానికి ఇంట్లో టీవీ చాలదూ?"

అక్కడి పందేలవాళ్ళకూ ఈ బెంగ పట్టుకున్నది. పెద్ద పెద్ద బహుమతులతో చేపల పందేలు నడిపే ఒక సంఘంవారు 2025లో తమ పెద్ద పోటీలలో ఒక నియమం పెట్టారు. రోజు ఆటను మూడు భాగాలు చేసి, ఆ సినిమా యంత్రాన్ని ఒక్క భాగంలోనే వాడుకోవాలన్నారు. మిగతా రెండు భాగాలూ సొంత బుర్రతో పట్టుకోవలసిందే. 1939 నుంచి చేపల రికార్డులు చూస్తున్న అంతర్జాతీయ గేమ్ ఫిష్ అసోసియేషన్ వారు గీత ఇంకోచోట గీశారు. మోటారుతో తిరిగే చక్రంతో లాగిన చేపను వారు రికార్డుగా ఒప్పుకోరు. చక్రం చేత్తోనే తిప్పాలి. అంటే చేపతో పెనుగులాడేది మనిషి చెయ్యే కావాలన్న మాట. ఎవరి గీత వారిది గాని, ఎక్కడో ఒకచోట గీత ఉండాలన్నది అందరికీ తోచింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. సముద్రం మీద బతికేవారి దగ్గర ఈ ప్రసంగం పెట్టకూడదు. అంతర్వేది వెళ్ళినప్పుడు ఒక మరపడవ సరంగును నేను ఇదే అడిగి చీవాట్లు తిన్నాను. "ఆయ్, సరదా ఏంటండీ బాబూ! చేప కనపడకపోతే మాకు పోయేది సరదా కాదండి, డీజిలు" అన్నాడు. నిజమే. హైదరాబాదులో 1999లో నెలకొల్పిన జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రంవారు ఉపగ్రహాలు చూపించే సముద్రపు వేడినీ రంగునూ బట్టి, చేపలు ఎటువైపు గుమికూడే వీలుందో జాలరులకు కబురు చేస్తారు. దానివల్ల వెతుకులాట తగ్గుతుంది, చమురు మిగులుతుంది. మన భాషలో ఆయన చేసేదీ వేటే, నేను చేసేదీ వేటే. కాని ఆయన వేట మీద ఇంటిల్లిపాదీ అన్నం తినాలి. నాకు చేప పడకపోతే మా ఆవిడ వంకాయ కూర చేస్తుంది. కనుక యంత్రం సరదాను చంపుతుందా లేదా అనే ప్రశ్న వంకాయ కూర దిక్కున్న వాళ్ళు మాత్రమే వేసుకోదగ్గది.

సరే, సంక్రాంతికి వద్దాం.

బావ ఆరేళ్ళ తరువాత పండక్కి వచ్చాడు. నేనూ మా ఆవిడా పిల్లలూ భోగి ముందు రోజే చేరుకున్నాం. బావ పెట్టె తెరిస్తే అందులో ఫిజిక్సు ఆయన చూపించిన బంతి లాంటిదే ఉన్నది! "నీకోసమే తెచ్చానోయ్ మేష్టారూ, తిట్టడానికి సరుకు ఉండాలి గదా" అన్నాడు.

కనుమ నాడు పొద్దెక్కాక అందరం రేవుకు బయలుదేరాం. మామయ్యను కూడా చెయ్యి పట్టుకుని తీసుకువచ్చి మెట్టుమీద కూర్చోబెట్టాం. బావ బంతిని విసిరాడు. ఫోనులో చేప గుర్తు ఒకటి కనిపించింది. ఆ వెనక మరొకటి. ఊళ్ళో పిల్లలంతా చుట్టూ మూగారు. "అదిగోనండి! ఇంకోటండి!" అని ఒకటే గోల. గంటసేపు ఎర మార్చి మార్చి వేశాం. ఒక్క బెండు ఒరిగితే ఒట్టు. ఫోనులో మాత్రం చేపలు తిరునాళ్ళు చేసుకుంటున్నాయి.

నాకు ఎక్కడలేని సంతోషం కలిగింది. వెంటనే మా ఫిజిక్సు ఆయనకు ఫోను చేసి పండగ శుభాకాంక్షలతో పాటు ఈ సంగతి కూడా వినిపించాను. ఆయన తొణకలేదు. "కాలవలో నీరెంత? రెండు మీటర్లా? ఆ యంత్రం చూపు గరాటులాగా కిందికి పోతుందండీ. అంత కొద్ది లోతులో అది చూసేది అడుగున చాప మడత పెట్టినంత మేర. పైగా ధ్వనిని తిప్పికొట్టేది చేప పొట్టలోని గాలి గదా. మీ బురదలోంచి లేచే గాలిబుడగ కూడా అదే పని చేస్తుంది. యంత్రానికి బుడగా చేపా ఒకటే" అన్నారు.

ఇంతలో మామయ్య మెట్టుమీద నుంచి, తల తిప్పకుండానే అన్నారు. "అక్కడ చేప ఉండదురా. పొద్దున్నే ఆ బండమీద బట్టలు ఉతికారు, సబ్బు వాసన ఇంకా పోలేదు. అవతల తూము ఎత్తినట్టున్నారు, నీటి చప్పుడు మారింది. ఆ తిరుగుడు పక్కన వెయ్యండి."

అక్కడ వేశాం. పావుగంటలో రెండు జెల్లలు పడ్డాయి.

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం బాగా రక్తి కడుతుంది. పాత తెలివి ముందు కొత్త యంత్రం ఎందుకూ కొరగాలేదని చేతులు దులుపుకోవచ్చు. కాని అది నిజాయితీ కాదు. ఇరవై ముప్పై మీటర్ల లోతున్న జలాశయం మధ్యకు పడవ మీద తీసుకువెళితే అక్కడ తూము చప్పుడూ ఉండదు, సబ్బు వాసనా ఉండదు. అక్కడ ఆ బంతి అన్నదే ఖాయం, మా మామయ్య ఓడిపోతారు. పైగా అసలు కథ ఆ తరువాతే జరిగింది.

రెండో జెల్ల పడ్డాక బావ కర్ర తెచ్చి తండ్రి చేతికి ఇచ్చాడు. "నాన్నా, ఇక మీరు వెయ్యండి."

మామయ్య కర్రను ఒకసారి తడిమి చూసి తిరిగి ఇచ్చేశారు. "నాకెందుకురా. బెండు కనపడదు."

"కనపడకపోవడమేమిటి?"

"నీటికాసులు గదా. మందుచుక్కలు వేసుకుంటున్నాను. ఉన్న చూపు నిలుపుకోవడమే గాని పోయింది రాదన్నాడు డాక్టరు. మనుషులు ఆనవాలు తెలుస్తారు. బెండు తెలియదు. రెండేళ్ళయింది గాలం పట్టి."

నీటికాసులు అని మా అందరికీ తెలుసు. చుక్కల మందు వేళకు వేసుకుంటున్నారా లేదా అని ఫోనులో అడుగుతూనే ఉన్నాం. బెండు సంగతి మాత్రం మాకెవరికీ తట్టలేదు.

వెనక కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ అత్తయ్య అన్నది: "దారానికి మువ్వ కట్టుకుంటానని ముచ్చటపడ్డారు పాపం. బెండు మునిగితే మువ్వ మోగుతుంది, చెవులు బాగానే ఉన్నాయి గదా అని. అంతలో మేనల్లుడు వచ్చి, మువ్వలూ గజ్జెలూ కడితే అది వేట కాదు అన్నాడట. చదువుకున్నవాడు చెప్పాడు గదా అని మానేశారు."

నాకు ఆ సాయంకాలం మొత్తం కళ్ళముందు నిలిచింది. రెండేళ్ళ కిందట ఇదే ఇంటి వసారా. మామయ్య పడక కుర్చీలో కూర్చుని, ఏదో యథాలాపంగా అడుగుతున్నట్టు, "దారానికి ఒక చిన్న మువ్వ కడితే ఎలా ఉంటుందంటావురా?" అన్నారు. నేను దాన్ని ఒక చర్చనీయాంశం అనుకున్నాను. "బెండు చూడటమే గదా మామయ్యా మీరు నాకు నేర్పిన విద్య. మువ్వ కట్టాక ఇక చూడటం ఎందుకు? నిద్రపోవచ్చు. అది గుడిగంట అవుతుంది గాని వేట కాదు" అన్నాను. సోమేశ్వరుణ్ణి కూడా మధ్యలోకి లాగాను. మామయ్య నవ్వి, "అంతేలే" అన్నారు. ఆ తరువాత మా పిల్లల చదువుల గురించి అడిగారు.

ఎందుకు అడుగుతున్నారని నేను అడగలేదు. చూపు తగ్గిందని ఆయన చెప్పలేదు. ఆయనకు మొహమాటం, నాకు పాండిత్యం. రెండేళ్ళు, అంటే నూరు ఆదివారాల పైన, ఆయన పెరటి గోడకు ఇరవై గజాల దూరంలో కాలవ పారుతూ ఉంటే, వసారాలో కూర్చుని ఆ చప్పుడు విన్నారు.

బావ ఏమీ అనలేదు. ఇంటికి వెళ్ళి పెట్టెలోంచి మరో పరికరం తెచ్చాడు. అగ్గిపెట్టె కన్న కాస్త పెద్దది. ఒక చిన్న కప్పీ, దాని పక్కన ఎర్రదీపం. పంగలకర్ర మీద దాన్ని బిగించి, చక్రమున్న గాలపు కర్రను దానిమీద ఆనించి, దారం కప్పీమీదుగా పోయేటట్టు అమర్చాడు. చేప దారాన్ని కొంచెం లాగితే కప్పీ తిరిగి, లోపలి అయస్కాంతం తిరిగి, ఒక 'పీక్' మని మోత. మరీ లాగితే ఆగకుండా మోత. ఇంగ్లండులో రిచర్డ్ వాకర్ అనే పేరుమోసిన వేటగాడు 1950ల నాడే ఇలాంటి విద్యుత్తు మోతలు తయారు చేసుకుని చీకటి రాత్రులు చెరువుగట్టున వాడేవాడట. 1952లో ఆయన రెడ్‌మైర్ అనే మడుగులో పట్టిన 44 పౌనుల గండుచేపను లండను జంతు ప్రదర్శనశాలవారు తీసుకువెళ్ళి తొట్టిలో పెంచారు. అంత చేపను పట్టినవాణ్ణి ఎవరూ వేటగాడు కాదనలేదు.

మామయ్య మొదట ఒప్పుకోలేదు. నాకేసి తిరిగి, "ఇది వేటేనంటావా?" అని అడిగారు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగారు. నా జన్మలో ఏ పరీక్షలోనూ అంత కష్టమైన ప్రశ్న పడలేదు.

"వేటే మామయ్యా. అప్పుడు నేను తెలియక అన్నాను" అన్నాను.

తవుడు ముద్ద ఆయనే కలిపారు. ఎక్కడ వేయాలో ఆయనే చెప్పారు. నీరెండ పెరటి కొబ్బరిచెట్ల మీదకు వచ్చే వేళకు ఒక 'పీక్'. మేమంతా లేచి నిలబడ్డాం. ఆయన వేలెత్తి ఆగమన్నారు. మళ్ళీ ఒకటి. మళ్ళీ రెండు. "పరిగెలు" అన్నారు. కాసేపు నిశ్శబ్దం. తరువాత 'పీ...క్' అని నెమ్మదిగా, సాగదీసి. మామయ్య పెదవులు కదలడం చూశాను. లోపల అయిదు అంకెలు లెక్కపెడుతున్నారు. కర్ర ఎత్తారు. కర్ర విల్లులాగా వంగింది. ఆ వంపు ఆయనకు కనపడదు, అరచేతికి తెలుస్తుంది. దారం వదులుతూ, చుడుతూ, ఆరేడు నిమిషాలు పెనుగులాడి తీరా గట్టుకు లాగేసరికి రెండు కిలోల పైచిలుకు శీలావతి. అత్తయ్య, ఆ మోత విని కుక్కరు కూస్తోందనుకుని వంటింట్లోకి పరుగెత్తిన మనిషి, తిరిగి వచ్చి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

మర్నాటికి మామయ్య మోతలు విని చేపల పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. మూడింట రెండుసార్లు సరిపోయింది. బెండు వంకరలు చదివిన విద్య ఎక్కడికీ పోలేదు. కంటిలోంచి చెవిలోకి కాపురం మార్చింది, అంతే.

పండగనుంచి తిరిగి వచ్చాక నేను ఈ విషయం చాలా ఆలోచించాను. నా వాదనలో అబద్ధం లేదు, కాని అది సగమే. మా వృత్తిలో సామెత చెప్పాలంటే, యంత్రాలు రెండు జాతులు. ఒకటి తాత్పర్యం జాతి, రెండోది కళ్ళజోడు జాతి. క్లాసులో పద్యం చెబుతుంటే మా కుర్రాళ్ళు బల్లకింద ఫోను తెరిచి తాత్పర్యం చూసేస్తారు. అన్వయం చేసుకోవడం, ఒక మాట దగ్గర తికమక పడటం, ఉన్నట్టుండి అర్థం విచ్చుకోవడం, ఇవన్నీ పోతాయి. పద్యం చదివినట్టూ ఉంటుంది, చదవనట్టూ ఉంటుంది. చేప ఎక్కడుందో చూపించే తెర ఆ జాతిది. మనం ఏ పని కోసం గట్టుకు వచ్చామో ఆ పనే అది చేసిపెడుతుంది. కాని అదే క్లాసులో చత్వారం వచ్చిన నేను కళ్ళజోడు లేకపోతే పద్యంలో అరసున్న ఉందో లేదో పోల్చుకోలేను. కళ్ళజోడు నాకు అర్థం చెప్పదు. అక్షరాన్ని నా దగ్గరకు తెస్తుంది. మిగతాది నేనే పడాలి. మామయ్య పంగలకర్ర మీది ఎర్రదీపం ఈ జాతిది.

చిక్కేమిటంటే వస్తువును చూసి జాతి చెప్పలేం. అదే మోత పరికరం నాలాంటి కళ్ళున్నవాడు పెట్టుకుని గట్టుమీద దుప్పటి కప్పి పడుకుంటే తాత్పర్యం అవుతుంది. అదే తెర, కాళ్ళు కదపలేని మనిషికో, ఎన్నడూ నీటి అడుగు ఊహించి ఎరగని పట్నం పిల్లవాడికో, కొంతకాలం కళ్ళజోడు కావచ్చు. కనుక యంత్రాన్ని తిట్టే ముందు దాన్ని పట్టుకున్న చెయ్యి ఎవరిదో, ఆ చెయ్యి ఏమి పోగొట్టుకున్నదో అడగాలి. నేను అడగనిది అదే.

కాలేజీ తెరిచాక స్టాఫు రూములో ఈ కథంతా చెప్పి, ఆ రోజు తెప్పించిన టీల బాకీ తీర్చాను. ఫిజిక్సు ఆయన పెద్దమనిషి. "మీ వాదన సగం బాగానే ఉంది లెండి" అని, టీకి తోడు సమోసాలు తను తెప్పించారు.

కిందటి ఆదివారం మామయ్య దగ్గరనుంచి ఫోను వచ్చింది. "ఏరా, బావ ఇచ్చిన దానికి బ్యాటరీ అయిపోయింది. మన ఊళ్ళో ఆ సైజు దొరకటం లేదు. నువ్వు వచ్చేటప్పుడు పట్రా" అన్నారు. కాసేపు ఆగి, "దొరక్కపోతే మానెయ్. ఒక మువ్వ పట్రా చాలు" అన్నారు.

బ్యాటరీలు రెండు కొన్నాను. మువ్వ కూడా ఒకటి కొన్నాను. రేపు తెల్లవారుజామున బస్సుకు వెళుతున్నాను. రెండూ జేబులోనే ఉన్నాయి. ఈ వాక్యం రాయడానికి వంగినప్పుడల్లా మువ్వ మోగుతున్నది.